కొట్టంలోకి కొత్త పశువు రాలేదు, మరి రోగం ఎక్కడిది?

శంషాబాద్, ఘట్‌కేసర్, మొయినాబాద్ వైపు డెయిరీలు నడిపే రైతులకు ఒక్కోసారి అంతుపట్టని పరిస్థితి ఎదురవుతుంది. కొత్త పశువును కొనలేదు, మేత మారలేదు, గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించారు. అయినా ఈనిన కొద్ది రోజులకే ఒక ఆవుకు జ్వరం వస్తుంది, ముక్కు కారుతుంది. తర్వాత పక్కనున్న దూడలకు దగ్గు మొదలవుతుంది. ఇంకొన్నాళ్లకు ఆరేడు నెలల చూడి ఆవు ఈసుకుపోతుంది, అంటే దాని కడుపు పోతుంది. దీనికి బ్రూసెల్లోసిస్ (చూడి పశువులకు కడుపు పోయేలా చేసే బ్యాక్టీరియా జబ్బు) మొదలు చాలా కారణాలు ఉండొచ్చు, వాటన్నిటికీ పరీక్ష చేయించాల్సిందే. కానీ మన దగ్గర చాలామంది రైతులు పేరు కూడా వినని కారణం ఒకటుంది. అదే ఐబీఆర్, అంటే ఇన్ఫెక్షియస్ బొవైన్ రైనోట్రాకియైటిస్, పశువుల ముక్కుకూ శ్వాసనాళానికీ వచ్చే అంటువ్యాధి. దీన్ని కలిగించేది బొవైన్ హెర్పిస్ వైరస్-1. అది బయటి నుంచే రావాలని లేదు, ఆ ఆవులోనే ఏళ్ల తరబడి ఉండి ఉండొచ్చు.

ఈ వైరస్ చరిత్ర మొదలైంది ముక్కు దగ్గర కాదు. 19వ శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్ పశువైద్యులు దాటింపు తర్వాత ఆవుల యోనిలో, ఆబోతుల జననాంగం మీద లేచే పొక్కుల గురించి రాశారు. అది వడపోతకు చిక్కని సూక్ష్మజీవి వల్ల వస్తుందని 1928లో తేలింది. పొక్కులు వారం పది రోజుల్లో మానిపోయేవి కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1950ల్లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో పరిస్థితి మారింది. కొలరాడో, కాలిఫోర్నియాల్లో మాంసం కోసం వేలాది పశువులను ఒకే ఆవరణలో మేపే ఫీడ్‌లాట్లు పెరిగాయి. అక్కడి పశువుల్లో కొత్త శ్వాసకోశ వ్యాధి కనిపించింది. ముట్టె కమిలినట్టు ఎర్రబడేది. ముక్కు రంధ్రాల లోపల తెల్లటి మచ్చలు లేచి పెచ్చు కట్టేవి. కళ్ల నుంచి నీరు ధారగా కారి చెంపల మీద వెంట్రుకలు అట్టకట్టేవి. 1956లో వైరస్‌ను వేరుచేశారు. పాత పొక్కుల జబ్బుకూ దీనికీ మూలం ఒకటేనని ఆ తర్వాత రెండేళ్లకు తెలిసింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. వైరస్ పాతదే, పశువులను మనం ఉంచే తీరు మారింది. గుంపు పెరిగింది, ప్రయాణాలు పెరిగాయి.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. కోలుకున్న పశువు ముక్కు స్రావంలో నెలల తర్వాత మళ్లీ వైరస్ దొరికేది. మధ్యలో ఎంత వెతికినా కనిపించేది కాదు. 1972లో షెఫీ, డేవిస్ అనే పరిశోధకులు కోలుకున్న పశువులకు కార్టికోస్టెరాయిడ్ (వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు) ఇచ్చి చూపించారు: బయటి నుంచి ఏ వైరస్ సోకకుండానే అది మళ్లీ బయటపడింది. ఆ తర్వాత ఎన్నో ప్రయోగశాలల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో ఇదే ఫలితం వచ్చింది. దూరప్రయాణం, ఈనడం కూడా వైరస్‌ను లేపగలవని తర్వాత తేలింది.

లోపల జరిగేది ఇది. ముక్కు పొరలో పెరిగిన వైరస్ ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం పట్టుకుని వెనక్కి ప్రయాణించి, పుర్రె అడుగున ఉన్న నాడీకణాల ముడిని చేరుతుంది. జననాంగాల ద్వారా సోకితే నడుము కింది నాడీముడుల్లో చేరుతుంది. అక్కడ దాని డీఎన్‌ఏ కణకేంద్రంలో ఉండిపోతుంది, జన్యువులు దాదాపు అన్నీ మౌనంగా ఉంటాయి. ఒక్క ప్రాంతం మాత్రం పనిచేస్తూ, తనకు ఆశ్రయమిచ్చిన నాడీకణం చావకుండా కాపాడుతుంది. వైరస్ కణాలు తయారు కావు కాబట్టి రోగనిరోధక వ్యవస్థకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పశువుకు ఒత్తిడి కలిగితే కార్టిసాల్ పెరుగుతుంది. ఆ హార్మోన్‌ను అందుకునే రిసెప్టార్ వైరస్ డీఎన్‌ఏకే అతుక్కుని, నిద్రపోతున్న తొలి జన్యువులను నడిపిస్తుంది. అదే హార్మోన్ ఇంకోవైపు రక్షణ కణాలనూ తగ్గిస్తుంది. వైరస్ అదే నరం వెంట తిరిగి ముక్కులోకి దిగుతుంది. జ్వరం తగ్గాక మన పెదవి మీద లేచే పొక్కులది కూడా ఇదే కుటుంబం, ఇదే పద్ధతి. పశువుల వైరస్ మాత్రం మనుషులకు సోకదు.

ఇలా లేచినప్పుడు పశువు తరచూ మామూలుగానే కనిపిస్తుంది. మేత మేస్తుంది, పాలిస్తుంది, పక్క పశువుకు వైరస్ అంటిస్తుంది. రైతుకు నష్టం జరిగేది ఇక్కడే.

మన దేశంలో దీన్ని తొలిసారి 1976లో ఉత్తరప్రదేశ్‌లో సంకరజాతి దూడల్లో గుర్తించారు. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో ఆవుల్లోనూ గేదెల్లోనూ యాంటీబాడీలు కనబడ్డాయి. హైదరాబాద్‌కు ఈ విషయం మరీ దగ్గరిది. ఇక్కడి డెయిరీలకు ముర్రా బర్రెలు హరియాణా నుంచి లారీల్లో వస్తాయి. దీపావళి తర్వాత జరిగే సదర్ ఉత్సవానికి దున్నపోతులు వచ్చేదీ అక్కడి నుంచే. లారీలో తాళ్లతో బిగించి నిలబెట్టిన చూడి బర్రె 1,500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, నీళ్లు సరిగా తాగక, దిగీ దిగగానే కొత్త గుంపులో కలుస్తుంది. నిద్రలో ఉన్న వైరస్‌కు ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. అలా వచ్చిన పశువును రెండు మూడు వారాలు వేరుగా కట్టేయమని చెబితే స్థలం లేదంటారు. ఆ ఇబ్బంది నిజమే, కానీ ఒక్క దూడ పోయినా నష్టం అంతకంటే ఎక్కువ. అలాగే జ్వరమన్నా, వాపన్నా డాక్టర్ చూడకుండానే స్టెరాయిడ్ సూది పొడిపించే అలవాటు మానాలి.

డెన్మార్క్, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా పాజిటివ్ పశువులను తొలగించి ఈ రోగాన్ని వదిలించుకున్నాయి. 2017 నాటికి జర్మనీ మొత్తం ఆ స్థాయికి చేరింది. రెండు మూడు పశువులతో ఇల్లు నడిపే మన రైతుకు ఆ దారి పనికిరాదు. మనకు పనికొచ్చేది మార్కర్ టీకా. ఇందులో వైరస్ నుంచి జీఈ అనే ప్రొటీన్ తయారుచేసే జన్యువును తీసేస్తారు. అందుకే టీకా వేసిన పశువునూ, నిజంగా సోకిన పశువునూ రక్త పరీక్షలో వేరు చేయొచ్చు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ కూడా ఇలాంటి టీకాను దేశీయంగా రూపొందించింది. నరంలో చేరిన వైరస్‌ను ఏ టీకా తుడిచిపెట్టలేదు. అది లేచినప్పుడు బయటికొచ్చే వైరస్‌ను మాత్రం తగ్గిస్తుంది.

వీర్య కేంద్రాల్లో ఆబోతులకు ఐబీఆర్ పరీక్ష చేస్తారు, పాజిటివ్ వచ్చిన వాటి వీర్యాన్ని, వైరస్ డీఎన్‌ఏను పట్టే పీసీఆర్ పరీక్షతో చూస్తారు. గడ్డకట్టించిన వీర్యంలో వైరస్ బతికే ఉంటుంది కాబట్టి ఆ జాగ్రత్త అవసరం. రైతు పశువును కొనేటప్పుడు కూడా ఒక్క నెగటివ్ రిపోర్టుతో సరిపెట్టుకోకూడదు. జున్నుపాలతో వచ్చిన రక్షణ ఉండగా వైరస్ సోకిన దూడల్లో కొన్నిటికి, ఆ తర్వాత రక్తంలో యాంటీబాడీలు కనబడవు, నరంలో వైరస్ మాత్రం ఉంటుంది. అందుకే కొనేముందు ఒకసారి, వేరుగా కట్టేసిన రోజులు పూర్తయ్యాక మరోసారి పరీక్ష చేయించాలి.