టైరు కూడా గేరే

ఎలక్ట్రిక్ గోల్ఫ్ కార్టుకు మామూలుగా 18 అంగుళాల వ్యాసం ఉన్న టైర్లు వస్తాయి. చూడటానికి బొమ్మ బండిలా ఉందనో, గతుకుల్లో అడుగు తగులుతోందనో చాలామంది వాటిని తీసేసి 20, 22, 23 అంగుళాలవి వేయిస్తుంటారు. బండి స్పీడు పెరిగిందని సంబరపడతారు కూడా. పెరిగిన మాట నిజమే. మోటారు బలం మాత్రం వీసమెత్తు పెరగలేదు. మరి ఆ స్పీడు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈ బళ్లలో గేర్లు మార్చే ఏర్పాటు ఉండదు. మోటారుకూ వెనక ఇరుసుకూ మధ్య ఒకే గేరు నిష్పత్తి. చాలా మోడళ్లలో అది 12.44. అంటే మోటారు పన్నెండున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టుకు బండి ఎంత దూరం పోతుందన్నది టైరు చుట్టుకొలత మీద ఉంటుంది: 18 అంగుళాల టైరుకు 1.44 మీటర్లు, 22 అంగుళాలదానికి 1.76 మీటర్లు. తేడా 22 శాతం. గంటకు 22 కిలోమీటర్లు పోయే బండి, మోటారు అదే వేగంతో తిరిగినా 27కు చేరుతుంది. పెద్ద టైరు వేయించడమంటే పై గేరులోకి మార్చి, గేరు రాడ్డు పీకి పారేయడమే.

స్పీడ్ సెన్సర్ ఉన్న బళ్లలో కంట్రోలర్ (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరం) మోటారు చుట్లనే లెక్కపెట్టి హద్దు వేస్తుంది. చక్రం ఎంత పెద్దదో దానికి తెలీదు. అందుకే ఆ 22 శాతం ఇంచుమించు పూర్తిగా దక్కుతుంది. చుట్లను బట్టే నడిచే స్పీడోమీటరు మాత్రం పాత అంకెనే చూపిస్తుంటుంది. పాతకాలపు సిరీస్ మోటారుకు ఆ హద్దు లేదు. భారం పెరిగితే అది తనంతట తనే నెమ్మదిస్తుంది కాబట్టి లాభం తక్కువే.

ఇక ఎత్తు ఎక్కడం. మనుషులతో కలిపి 500 కిలోల బండి 5 శాతం వాలు ఎక్కాలంటే, ఒక్క బరువును ఎదుర్కోడానికే సుమారు 245 న్యూటన్ల తోపు కావాలి. టైరు ఏదైనా ఇది మారదు. మారేది ఇరుసు మీద కావాల్సిన టార్క్, అంటే తిప్పే బలం: చిన్న టైరుకు 56 న్యూటన్ మీటర్లు సరిపోతే, పెద్దదానికి 68 దాటాలి. టార్క్‌తో సమానంగా కరెంటు పెరిగే మోటారు అయితే కరెంటు కూడా 22 శాతం ఎక్కువ లాగుతుంది. తీగచుట్టల్లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక అది దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. నిటారు ఎత్తులో కంట్రోలర్ తన కరెంటు పరిమితిని తాకితే బండి అక్కడే మొరాయిస్తుంది.

బ్యాటరీ త్వరగా అయిపోతోందనే ఫిర్యాదుకు చక్రం సైజును తిడతారు గానీ, అది సగం నిజమే. అదే స్పీడులో పోతే కావాల్సిన పవర్ అంతే. మోటారు నెమ్మదిగా, ఎక్కువ టార్క్‌తో తిరుగుతుంది. అదనంగా పోయేది ఆ వేడి. అసలు ఖర్చు మనం స్పీడుగా నడపడంలోనూ, గుబ్బల టైర్లు నేలను రాసుకోవడంలోనూ ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలకు ఇంకో చిక్కు: కరెంటు ఎంత గట్టిగా లాగితే మొత్తం మీద అంత తక్కువ ఇస్తాయి. ఈ సంగతిని జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కెర్ట్ 1897లోనే సూత్రీకరించాడు. లిథియం వాటికి ఈ బెడద చాలా తక్కువ.

నన్నడిగితే అసలు టెన్షన్ పడాల్సింది బ్రేకుల గురించి. చాలా కార్టుల్లో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. డ్రమ్ము పట్టు పాతదే, చక్రం వ్యాసార్ధం పెరిగింది, కాబట్టి నేల దగ్గర ఆపే బలం 18 శాతం తగ్గింది. అటు స్పీడు పెరగడంతో గతిశక్తి ఒకటిన్నర రెట్లయింది. రెండూ కలిపితే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం దాదాపు 1.8 రెట్లు. టైరు వ్యాసాల నిష్పత్తికి ఇది ఘనం. దీనికి తోడు, పెద్ద టైరు మడ్‌గార్డుకు తగులుతుందని లిఫ్ట్ కిట్ వేసి బండిని ఎత్తుతారు. గురుత్వ కేంద్రం పైకి పోయి మలుపుల్లో బోల్తా పడే ముప్పు పెరుగుతుంది.

లాభాలు లేవని కాదు. 22 అంగుళాల టైరుతో ఇరుసు 2 అంగుళాలు లేస్తుంది, గుంతల్లో చక్రం అంత లోతుకు దిగదు. గతుకుల దారిలో ఇది మంచి సుఖమే. దానికోసమే అయితే 20 అంగుళాల దగ్గర ఆగమంటాను. అప్పుడు ఆగే దూరం 37 శాతమే పెరుగుతుంది. అంతకంటే పెద్దవే కావాలంటే, కంట్రోలర్‌లో గరిష్ఠ చుట్లను తగ్గించి పెట్టించుకోవచ్చు. లేదా ఇరుసులో గేరు సెట్టు మార్పించి, పోయిన టార్క్‌ను వెనక్కి తెచ్చుకోవచ్చు. అప్పుడు స్పీడు మళ్లీ పాతదే అవుతుంది. బ్రేకు డ్రమ్ములు చక్రాల దగ్గరే ఉంటాయి కాబట్టి, గేరు సెట్టు మార్చినా ఆపే బలంలో తగ్గిన ఆ 18 శాతం మాత్రం తిరిగి రాదు.