ఎక్స్‌రే డిఫ్రాక్షన్ ఫిల్ముల స్కానింగ్: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు కాలేజీ ల్యాబుల్లో ఎక్కడైనా డెబై-షెరర్ కెమెరా (పొడి నమూనా నుంచి చెదిరిన ఎక్స్‌రేలను ఫిల్ము మీద నల్లటి గీతలుగా పట్టే పరికరం) ఫిల్ములు మిగిలి ఉంటే, బూజు పట్టకముందే స్కాన్ చేయండి. ఫిల్ము నలుపును కొలిచే ఖరీదైన డెన్సిటోమీటర్ అక్కర్లేదు.

అపోహ: జిరాక్స్ షాపు స్కానర్ చాలు.

చాలదు. అందులో దీపం, సెన్సార్ రెండూ కిందే ఉంటాయి. కాంతి ఫిల్మును దాటి, మూతకు తగిలి, మళ్లీ ఫిల్ములోంచే వెనక్కి రావాలి. దాంతో 1.5 డెన్సిటీ (నలుపు గాఢత) ఉన్న గీత 3 ఉన్నట్టు కనబడుతుంది. గాఢమైన గీతలన్నీ ఒకే నలుపులో కలిసిపోతాయి. మూతలోనూ దీపం ఉండే, నెగెటివ్‌లు స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్ తీసుకోండి. పాతదైనా పర్వాలేదు. పెద్ద కెమెరాల 360 మి.మీ. ఫిల్ము ఏ4 గాజు మీద పట్టదు కాబట్టి నాలుగైదు గీతలు రెండింటిలోనూ వచ్చేలా రెండు విడతల్లో తీయండి.

అపోహ: డీపీఐ పెంచేకొద్దీ మేలు.

57.3 మి.మీ. వ్యాసమున్న కెమెరా ఫిల్ము మీద 1 మి.మీ. అంటే 2 డిగ్రీల టూ-తీటా (ఎక్స్‌రే చెదిరిన కోణం). 1200 డీపీఐకి పిక్సెల్ 0.021 మి.మీ., అంటే 0.04 డిగ్రీ. గీత వెడల్పు అంతకు ఎన్నో రెట్లు. ఆపైన పెరిగేది ఫైలు సైజే.

అపోహ: పిక్సెల్ విలువే ఎక్స్‌రే తీవ్రత.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. 16-బిట్ గ్రే, గామా 1.0 (పిక్సెల్ విలువ కాంతికి అనుపాతంలో ఉండేలా), టిఫ్ ఫైలు పెట్టుకోండి. ఖాళీ గాజు దగ్గర 60000, ఒక గీత మీద 6000, ఇంకో గీత మీద 600 వచ్చాయనుకోండి. కంటికి రెండూ నలుపే. ఖాళీ గాజు విలువను గీత విలువతో భాగించి లాగరిథమ్ తీస్తే డెన్సిటీ వస్తుంది: మొదటిది 1.0, రెండోది 2.0. ప్రతి గీతలోంచి దాని పక్కనున్న నేపథ్యపు డెన్సిటీని తీసేయాలి. ఎక్స్‌రేలకు డెన్సిటీ సుమారు 1 దాకానే ఎక్స్‌పోజర్‌తో సమానంగా పెరుగుతుంది. కాబట్టి రెండో గీత తీవ్రతను నమ్మకండి, స్థానం మాత్రం వాడుకోండి. మెట్టుకు 0.15 డెన్సిటీ చొప్పున పెరిగే 21 మెట్ల ఫిల్ము పట్టీ, అంటే స్టెప్ వెడ్జ్‌ను కూడా స్కాన్ చేయండి. పక్క పక్క మెట్లకు తేడా కనబడని చోటే మీ స్కానర్ హద్దు.

అపోహ: దుమ్ము తొలగించే ఆప్షన్ మేలు చేస్తుంది.

అది ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తుంది. గీతల్లోని వెండి కణాలు ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటాయి కనుక గీతనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. దాన్నీ, ఆటో ఎక్స్‌పోజర్‌నూ, షార్పెనింగ్‌నూ ఆపేయండి. దుమ్ముకు బ్లోయర్, మెత్తటి బ్రష్ చాలు.

అపోహ: స్కానర్ కొలతలు కచ్చితం.

సెన్సార్ వరస దిశలో ఒక లెక్క, సెన్సార్‌ను మోసే బండి నడిచే దిశలో ఇంకో లెక్క. ఫిల్ము పక్కనే గాజు స్కేలు పెట్టి రెండు దిశల్లోనూ సరిచూడండి.

వానాకాలపు ఉక్కకు జెలటిన్ మెత్తబడి గాజుకు అంటుకుంటుంది, న్యూటన్ రింగులూ (ఫిల్ముకూ గాజుకూ మధ్య సన్నని గాలిపొర వల్ల వచ్చే వలయాలు) పడతాయి. నల్ల అట్టతో ఫ్రేము కోసి ఫిల్మును కాస్త పైకి లేపండి. అట్ట మాత్రం క్యాలిబ్రేషన్ కిటికీని (స్కానర్ ముందుగా కాంతిని సరిచూసుకునే ఖాళీ చోటును) మూయకూడదు, మూస్తే స్కాన్ పొడవునా చారలు వస్తాయి.