తాత మంచం ఎందుకు ఎక్కనివ్వలేదంటే

హనుమకొండ

చిన్నూ, మిన్నీ,

మొన్న దవాఖానలో ఆపరేషన్ అయిన తాత మంచం ఎక్కబోతుంటే గట్టిగా కసిరాను. మీ ముఖాలు చిన్నబోయాయి. ఇంటికొచ్చాక నాకూ మనసు ఊరుకోలేదు. మన చేతుల మీది బ్యాక్టీరియా తాత కుట్లలోకి పోతుందని నా భయం, అదెందుకో రాస్తున్నా.

నేను వరంగల్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను కదా. పుండులోని చీమును దూదిపుల్లతో తీసి ప్లేటు మీద రాసి, 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది. ఆ బ్యాక్టీరియాను ఇంకో ప్లేటు నిండా పరిచి, యాంటీబయాటిక్, అంటే బ్యాక్టీరియాను అణిచే మందు, అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. పనిచేయకపోతే బిళ్ల అంచుదాకా గడ్డి మొలిచినట్టు పెరుగుతుంది. అప్పుడు రిపోర్టులో ఆ మందు ఎదురుగా ‘ఆర్’ అని రాస్తాం, లొంగలేదని. ఒకరోజు ఒక ముసలాయన రిపోర్టులో వరసగా ఆర్, ఆర్ అని రాస్తుంటే నా చెయ్యి ఆడలేదు. ఆయన కొడుకు బయట బెంచీ మీద ఎదురుచూస్తున్నాడు.

ఈ బ్యాక్టీరియా ఎక్కడుంటోందో చూద్దామని ఒకసారి వార్డులో మంచం కడ్డీ, తలుపు గొళ్లెం, సెలైన్ స్టాండు, మా ఫోన్లు, మా చేతులు అన్నీ దూదిపుల్లతో తుడిచి పరీక్ష పెట్టాం. నా చేతి ప్లేటులోనూ పసుపుపచ్చని చుక్కలు మొలిచాయి. స్టాఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా! నాకు జ్వరం లేదు, దగ్గు లేదు. సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో అది ఊరికే ఉంటుంది, ఏమీ చేయదు. ఆపరేషన్ కుట్లలోకి దిగితే మాత్రం ప్రాణం మీదికి తేవచ్చు. పొడి కడ్డీ మీద కూడా వారాలు, ఒక్కోసారి నెలలు బతుకుతుంది. కడ్డీ నుంచి కుట్లదాకా దాన్ని మోసుకెళ్లేది ఎక్కువగా మన చేతులే.

మందుకు లొంగకపోవడం ఎట్లా అంటారా? పెదనాన్న పత్తి చేను గుర్తు చేసుకోండి. ఒకే మందు కొట్టీ కొట్టీ పురుగు మొండికేసింది కదా. మందుకు తట్టుకున్న నాలుగు మిగిలి, వాటి పిల్లలతోనే చేను నిండింది. ఇక్కడా అంతే. పైగా బ్యాక్టీరియా తట్టుకునే గుణాన్ని పక్కదానికి కూడా అందిస్తుంది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే ఈ ముప్పు గురించి హెచ్చరించాడు. 1961కల్లా ఇంగ్లండ్‌లో మెథిసిలిన్ అనే కొత్త మందుకూ లొంగని స్టాఫైలోకాకస్ రకం బయటపడింది. అందుకే జలుబు చేసినప్పుడల్లా మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడగొద్దంటాను. మామూలు జలుబు వైరస్‌తో వచ్చేది, దానికి ఆ మందు పనిచేయదు. పట్టీ మీద ఎర్ర గీత ఉన్న గోళీలు డాక్టర్ రాస్తేనే, చెప్పినన్ని రోజులే.

ఆదివారం వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే శానిటైజర్ పోసుకుని వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల చివర్లు ఇరవై సెకన్లు రుద్దండి. ఫోను తాత పక్క మీద పెట్టొద్దు. కట్టు మార్చడానికి ఎవరొచ్చినా ‘చేతులు శుభ్రం చేసుకున్నారా అమ్మా’ అని మెల్లగా అడగండి. నన్నెవరైనా అట్లా అడిగితే సంతోషపడేదాన్ని.

పిల్లలెప్పుడొస్తారని తాత ఒకటే అడుగుతున్నాడు. రెండు కుర్చీలు ఆయనకు ఎదురుగా వేయిస్తాను.

మీ అమ్మమ్మ