ఆ పిల్ల తల్లి ఎక్కడుంది?

అనంతపురం

చిరంజీవులైన నా మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీరిద్దరూ హుండీలో దాచుకున్న డబ్బుతో లాబ్రడార్ కుక్కపిల్లను కొనిపెట్టమని మీ నాన్నను అడిగారనీ, "తాతయ్య సరేనంటే కొందాం" అని ఆయన మాట నా మీద పెట్టాడనీ తెలిసింది. పశువైద్య శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవాణ్ణి గనుక, అవుననో కాదనో ఒక్క మాట చెప్పి ఊరుకోలేను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపికగా చదవండి.

మీరు పంపిన ఫోటోలో బుట్టలో కూర్చున్న పిల్ల ఉంది, వెనుక రంగుల తెర ఉంది, తల్లి మాత్రం లేదు. నేను మొదట వెతికింది దాన్నే. ఒక ఇంట్లో ప్రేమగా పెరిగిన కుక్క ఈనితే, పిల్లలను చూడబోయినవారిని ముందు ఆ తల్లే వాసన చూస్తుంది, నచ్చకపోతే గుర్రుమంటుంది. పిల్లలను సరుకులాగా తీసి అమ్మేచోట తల్లిని చూపించరు, ఎందుకంటే దాన్ని చూసినవారికి పిల్లను కొనడానికి చేతులు రావు. ఊరి శివారులో రేకుల షెడ్డు వేసి, ఇనుప గూళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆడ కుక్కలను ఏళ్ళ తరబడి వాటిలోనే ఉంచుతారు. కుక్క సాధారణంగా ఆరేడు నెలలకొకసారి ఎదకు వస్తుంది, సుమారు 63 రోజులు చూలు మోస్తుంది. పాలు మరవకముందే పిల్లలు అమ్ముడైపోతాయి, తల్లి ఒళ్ళు కోలుకోకముందే మళ్ళీ మగ కుక్కతో కట్టిస్తారు. ఇక ఈనలేదని తేలిన రోజున దానికి ఆ షెడ్డులో తిండి కూడా దండగే.

మన ఇంటి కుక్క చుక్క అలాంటి షెడ్డు నుంచి వచ్చిందని మీకు ఇంతవరకూ చెప్పలేదు. మూడేళ్ళ కిందట ఫిర్యాదు మీద పోలీసులు, జంతు సంక్షేమ కార్యకర్తలు కలిసి కుక్కలను విడిపించినప్పుడు చేతిసాయానికి నన్నూ పిలిచారు. వాటిలో ఒకదాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోవడానికి ముందుకు రాలేదు. దాని పాదాలు తీగల మీద నిలబడి నిలబడి వేళ్ళు విడిపోయి చదునుగా అయిపోయాయి, ముందు పళ్ళు గూటి కమ్మీలు కొరికి చిగుళ్ళ దాకా అరిగిపోయాయి, చన్నులు నేలను తాకుతున్నాయి. నుదుటి మీద వెంట్రుకలు రాలిన గాటు చుక్కలా కనిపించి ఆ పేరు పెట్టాను. మన పెరట్లో మట్టి మీద దింపితే, నిప్పు మీద పెట్టినట్టు ఒక్కో కాలూ పైకెత్తి వెంటనే నాపరాళ్ళ మీదికి వచ్చేసింది. మట్టి ఎలా ఉంటుందో దానికి తెలియదని నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. అంత పెరడు ఉండగా, గూడు ఎంత ఉండేదో అంత చోటులోనే ఎడమ వైపుకు గుండ్రంగా తిరుగుతూ ఉండేది. మనిషి చూస్తుండగా తినేది కాదు. ఐదో రోజు రాత్రి, అవ్వ రాగి సంగటిలో పెరుగు కలిపి గిన్నె అక్కడ పెట్టి దీపం ఆర్పేస్తే, చీకట్లో అది నాకుతున్న చప్పుడు విని మేమిద్దరం కదలకుండా కూర్చున్నాము.

ఇక ఖర్చు సంగతి. మొదటి నెలలో నా పింఛనులో సగానికి పైగా దానికే అయింది. పిడుదుల వల్ల వచ్చిన జ్వరానికి 28 రోజులు డాక్సీసైక్లిన్ మాత్రలు వేయాల్సి వచ్చింది. గర్భసంచిలో చీము పట్టింది, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు గనుక శస్త్రచికిత్స చేసి దాన్ని తీసేశారు. ఆ తర్వాత పుచ్చిన పళ్ళు పీకించడం, గజ్జికి మందు, టీకాలు. దానితోపాటు వచ్చిన పిల్లల్లో కొన్నింటికి పార్వో సోకింది. టీకా పడని చిన్నపిల్లల్లో ఆ వైరస్ పేగులను దెబ్బతీసి, వాంతులతో, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం తీయగలదు, నేలలో నెలల తరబడి చావకుండా ఉండగలదు. అందుకే ఆ పిల్లలను విడిగా ఉంచి, సెలైన్ పెట్టి, రాత్రంతా మనిషి కాపలా ఉండవలసి వచ్చింది.

విడిపించిన రోజున ఫోటోలు చూసి చాలామంది డబ్బు పంపారు, వారి మంచితనాన్ని నేను తక్కువ చేయను. ఆరో నెల వచ్చేసరికి పంపేవారు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది మిగిలారు. లాబ్రడార్ పదేళ్ళకు పైగా బతుకుతుంది. కాబట్టి ఒక్కసారి వచ్చే పెద్ద మొత్తం కన్నా, నెలనెలా తప్పకుండా వచ్చే చిన్న మొత్తమే కుక్కను నిలబెడుతుందని నాకు అనుభవం మీద తెలిసింది. మా వీధిలో 12 ఇళ్ళవాళ్ళం నెలకు 200 రూపాయల చొప్పున వేసి, ఆ షెడ్డు నుంచి వచ్చి ఇంకా ఇల్లు దొరకని ముసలి కుక్కలకు తిండి, మందులు చూస్తున్నాము. లెక్క పుస్తకం మీ అవ్వ దగ్గర ఉంటుంది, ఎవరు అడిగినా చూపిస్తుంది. లెక్క చూపించనివారికి, ఎంత మంచి ఫోటో పెట్టినా, మీరు పైసా ఇవ్వవద్దు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. షెడ్డు యజమానికే డబ్బిచ్చి కుక్కను కొనితెచ్చి, విడిపించామని సంతోషించేవారు ఉన్నారు. వారి మనసు మంచిదే కానీ ఆ పని తప్పు. ఆ డబ్బుతో అతడు ఇంకో పడుచు కుక్కను తెస్తాడు, గూడు ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండదు. ఫిర్యాదు చేసి షెడ్డు మూయించడం కష్టమైన దారే అయినా దారి అదే.

అందుకు చట్టం లేకపోలేదు. భరతనాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టి కదిలించగా, 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద 2017లో కుక్కల పెంపకానికి, అమ్మకానికి నియమాలు చేశారు. పిల్లలు తీసి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి. ఏడాదిన్నర నిండని ఆడ కుక్కను కట్టించరాదు, బతుకు మొత్తంలో ఐదు ఈతలకు మించి తీయరాదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఇన్ని రాసి ఉన్నా, మూలచట్టంలో మొదటిసారి హింసించినవాడికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. టవర్‌క్లాక్ దగ్గర ఉగ్గాణి, బజ్జీ తిని టీ తాగితే అయిపోయే డబ్బు అది. తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కేసు నడిచినంతకాలం జంతువుల పోషణ ఖర్చును నిందితుడే భరించాలని న్యాయాధికారి ఆదేశించే వీలు కూడా 2017 నుంచి ఉంది. ఆ ఆదేశం రావాలి, ఆ డబ్బు చేతికందాలి. ఈలోగా కుక్కకు పూటపూటకూ ఆకలి వేస్తుంది గదా!

ఇంగ్లండులో 2020లో వచ్చిన ఒక చట్టాన్ని లూసీ చట్టం అంటారు. లూసీ అంటే చుక్కలాగే షెడ్డులో పిల్లలను కని కని చిక్కి, 2013లో బయటపడిన ఒక చిన్న స్పానియల్ కుక్క. ఆ చట్టం ప్రకారం ఆరు నెలల లోపు పిల్లలను మధ్యవర్తులు, దుకాణదారులు అమ్మరాదు. పెంచినవారే తల్లితో సహా చూపించి అమ్మాలి. మన భారతకథ మొదట్లోనూ ఒక తల్లి కుక్క ఉంది. తన బిడ్డను నిష్కారణంగా కొట్టారని సరమ నేరుగా జనమేజయ మహారాజు ముందుకే వెళ్ళి నిలదీసింది. అవ్వ మీకు చెప్పే ఉంటుంది. చెప్పకపోతే ఈసారి అడగండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. ఆ ఫోటో పెట్టినవారిని మీ నాన్నచేత మూడు విషయాలు అడిగించండి: తల్లిని దాని చోటులోనే చూపిస్తారా, నమోదు పత్రం ఉందా, పిల్లకు ఎనిమిది వారాలు నిండి టీకా పడిందా. ఒక్కదానికి తడబడినా ఆ పిల్లను కొనవద్దు. కుక్క కావాలన్న మీ కోరికను నేను కాదనడం లేదు. మా దగ్గర ఇల్లు దొరకని కుక్కల్లో ఏడేళ్ళ బీగిల్ ఒకటి ఉంది, నెమ్మదైనది, పిల్లలంటే ఇష్టం. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకువెళ్ళి దాని కళ్ళు చూపించాలి. మీ హుండీ డబ్బు ఆ ప్రయాణానికి, మందులకు సరిపోతుంది. సెలవుల్లో రండి, నలుగురం కలిసి వెళదాం.

వచ్చినప్పుడు దాన్ని వెనుక నుంచి ఎత్తుకోవద్దు. నేల మీద కూర్చుని, చేయి చాపి, అదే వచ్చేదాకా ఆగండి.

ఇట్లు,
మీ తాతయ్య