సీసా మెడలో కొబ్బరి గడ్డ

కరీబియన్ దీవి పోర్టోరికోలో క్రిస్మస్ ఒక్కరోజుతో తీరే పండగ కాదు. నవంబరు చివర్లోనే సందడి మొదలవుతుంది, జనవరి 6న ముగ్గురు రాజుల పండగ దాటాక కూడా కొన్నాళ్లు సాగుతుంది. రాత్రిపూట పాడుకుంటూ ఇంటి మీదికి వచ్చిపడే బంధుమిత్రుల కోసం ఫ్రిజ్‌లో ‘కొకీతో’ అనే కొబ్బరి-రమ్ పానీయం సీసా సిద్ధంగా ఉంచుతారు. కొబ్బరిపాలు, తియ్యటి కొబ్బరి క్రీము, కండెన్స్‌డ్ మిల్క్, ఎవాపొరేటెడ్ మిల్క్ (పంచదార వేయని చిక్కటి డబ్బాపాలు), తెల్ల రమ్, దాల్చినచెక్క, జాజికాయ, వెనిలా అన్నీ మిక్సీలో వేసి తిప్పడమే. పొయ్యితో పెద్దగా పనే లేదు.

మర్నాడు సీసా తీస్తే మాత్రం మెడ దగ్గర తెల్లటి గడ్డ అడ్డం పడి ఉంటుంది. వంచితే చుక్క రాదు. పాడైందేమో అనిపిస్తుంది గానీ, కాలేదు. మన ఇళ్లలో చలికాలం పొద్దున తలనూనె సీసా గడ్డకడితే ఎండలో పెడతాం కదా, ఇదీ అదే సంగతి. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫ్రిజ్ లోపల ఉండేది 4 డిగ్రీలు.

మరి అదే ఫ్రిజ్‌లో ప్యాకెట్ పాలు ఎందుకు గడ్డకట్టవు? వాటిలోనూ కొవ్వు ఉంది, అదీ చాలావరకు గట్టిపడుతుంది. తేడా అంతా కొవ్వు బొట్ల సైజులో, వాటి పైపొరలో ఉంది. కొబ్బరిపాలంటే నీళ్లలో చెదిరి ఉన్న నూనెబొట్లు. ఒక్కో బొట్టు చుట్టూ కొబ్బరి ప్రొటీన్ల పొర ఉంటుంది గానీ అది బలహీనం. పిండిన పాలు గిన్నెలో వదిలేస్తే కొన్ని గంటల్లోనే చిక్కటిది పైకి తేలి, పలచటి నీళ్లు అడుగున మిగిలేది అందుకే. చల్లబడేకొద్దీ బొట్టు లోపల కొవ్వు స్ఫటికాలు కడుతుంది. కొన్ని స్ఫటికాల మొనలు పొరను చీల్చుకుని బయటికొచ్చి పక్క బొట్టులో గుచ్చుకుంటాయి. ఇంకా గట్టిపడని నూనె ఆ రెంటినీ అతికిస్తుంది. బొట్లు పూర్తిగా కలిసిపోవు, విడిపోనూ విడిపోవు. ఇలా ఒకదానికొకటి తగులుకుంటూ పోతే సీసాకు బిరడా తయారు! క్రీము గిలకొట్టినప్పుడు నురగ నిలబడటానికీ ఈ గుణమే కారణం. అక్కడ కావాలని చేస్తాం, ఇక్కడ వద్దన్నా జరుగుతుంది.

దీనికి అడ్డుకట్ట వేసేది డబ్బాపాలు. అమెరికాలో గేల్ బోర్డెన్ 1856లో పేటెంటు పొందిన కండెన్స్‌డ్ మిల్క్‌లో కేసీన్ అనే పాల ప్రొటీన్ దండిగా ఉంటుంది. అది ఒక కొసతో నూనెను, మరో కొసతో నీటిని పట్టుకుని బొట్టుకు గట్టి తొడుగు వేస్తుంది. పంచదార వల్ల చిక్కదనం పెరిగి బొట్లు నెమ్మదిగా తేలుతాయి. బొట్టు అడ్డుకొలత సగమైతే పైకి తేలే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే చేత్తో గిలకొట్టడం కన్నా మిక్సీ నయం. అదీ ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాలతో కాదు, కొబ్బరి కొవ్వు కరిగి ఉన్నప్పుడే తిప్పాలి. ఇంత చేసినా గడ్డ కొంత కట్టవచ్చు. సీసాను కాసేపు గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టి గట్టిగా కుదిపితే సరి.

రమ్ పోస్తే పాలు విరగవా? ఆల్కహాల్ గాఢత బాగా పెరిగితే కేసీన్ ముద్దకడుతుంది. పాలసేకరణ కేంద్రాల్లో పాలు పులుపెక్కాయో లేదో చూడటానికి ఆల్కహాల్ కలిపి పరీక్షించేది ఈ సూత్రంతోనే. కానీ 40 శాతం రమ్ 240 మిల్లీలీటర్లు పోసి మొత్తం 1.6 లీటర్లు చేస్తే, ఆల్కహాల్ 6 శాతమే. దాన్ని కేసీన్ తేలిగ్గా తట్టుకుంటుంది. నిమ్మరసం పిండితే మాత్రం కథ మారిపోతుంది.

ఇంతకీ కరీబియన్‌కు కొబ్బరి పరాయి చెట్టే. 2011లో వెలువడిన జన్యు అధ్యయనం ప్రకారం అట్లాంటిక్ తీరాల కొబ్బరి మూలాలు హిందూ మహాసముద్రం వైపున్నాయి. పోర్చుగీసు ఓడలు దాన్ని ఆఫ్రికా చుట్టూ తిప్పి అక్కడికి చేర్చాయి. అలా మన తీరపు కొబ్బరికీ ఆ సీసాకీ దూరపు చుట్టరికం ఉంది.

కోడిగుడ్డు పచ్చసొన వేయాలా వద్దా అన్నది పోర్టోరికో ఇళ్లలో తెగని తగువు. సొనలోని లెసిథిన్ నూనెనూ నీటినీ కలిపి ఉంచుతుంది, నిజమే. కానీ ఆ పనికి కేసీన్ ముందే ఉంది. పైగా పచ్చిగుడ్డులో ఉండగల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను 6 శాతం ఆల్కహాల్ చంపుతుందని నమ్మడానికి లేదు. రుచి కోసం కావాలంటే సొనను పాలతో కలిపి సన్నసెగ మీద ఉడికించి, చల్లార్చి వేసుకోవడం మేలు.