‘ఏం పర్లేదు’ వెనక దాగే ఒంటరితనం

విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై, ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో సొంతింటికి చేరిన పెద్దాయన్ని “ఒంటరిగా అనిపిస్తోందా బాబాయ్?” అని అడగండి. “ఛ, అలాంటిదేం లేదమ్మా” అంటారు. “ఈమధ్య మనసులో మాట ఎవరికైనా చెప్పుకున్నారా?” అని అడిగితే మాత్రం వెంటనే జవాబు రాదు.

1985లో షెల్లీ బోరిస్, డేనియల్ పెర్ల్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత సర్వేలన్నీ ముందేసుకుని చూస్తే తేలింది ఇదే. సూటిగా అడిగిన చోట ‘అవును, ఒంటరినే’ అన్నది ఎక్కువగా ఆడవాళ్లు. ఆ మాట ఎత్తకుండా 20 ప్రశ్నలతో ఒంటరితనాన్ని కొలిచే యూసీఎల్‌ఏ స్కేలులో (అమెరికాలోని ఆ యూనివర్సిటీలో తయారైంది) చాలాసార్లు తేడాయే లేదు. ఉన్నచోట మగవాళ్ల స్కోరే ఎక్కువ. ఇంకో పని కూడా చేశారు. ఒక ఒంటరి మనిషి కథ రాసి, కొందరికి అందులో మగవాణ్ని, కొందరికి ఆడమనిషిని పెట్టి చదివించారు. కథ ఒకటే అయినా మగవాణ్నే ఎక్కువ చిన్నచూపు చూశారు. మరి మగవాడు నోరెందుకు విప్పుతాడు?

2019లో దాదాపు 4 లక్షల మంది వివరాలు కలిపి లెక్కేస్తే, ఆడామగా మధ్య తేడా ఇంచుమించు సున్నా. అంటే బాధ కొలత ఒకటే, అది వచ్చే దారులు వేరు.

భార్య పోయిన మగవాడి సంగతే చూడండి. భర్త పోయిన ఆడవాళ్లకన్నా వీళ్లలో ఒంటరితనం ఎక్కువని పాశ్చాత్య దేశాల అధ్యయనాలు చాలా చెప్పాయి. మన ఇళ్లలో కారణం కళ్లముందే ఉంది. ఎవరి సీమంతం ఎప్పుడు, వియ్యపురాలి మోకాలి ఆపరేషన్ ఏమైంది అని ఫోన్లు చేసేది ఆవిడే. ఆవిడ పోయాక చుట్టాల ఫోన్లూ తగ్గిపోతాయి. షిఫ్టులో పక్కన పనిచేసిన స్నేహితులు అప్పటికే తలో చోటుకీ చెదిరిపోయి ఉంటారు.

అలాగని ఆ అధ్యయనాలను మనకు యథాతథంగా అంటగట్టలేం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో భర్తను కోల్పోయిన ఆడవాళ్లు 4 కోట్లకు పైనే. నిన్నటిదాకా వీధిలో ప్రతి పేరంటానికీ పిలుపు అందుకున్న మనిషికి, భర్త పోయిన మర్నాటి నుంచి బొట్టుపెట్టి పిలిచేవాళ్లుండరు. కూతురు పెళ్లిలోనూ వెనక వరసలో కూర్చోవాలి. మనుషులు లేక కాదు, మనుషులే పక్కన పెట్టడం వల్ల వచ్చే ఒంటరితనం ఇది. నాకు దీనిమీదే ఎక్కువ కోపం, ఎందుకంటే దీన్ని ఆపడానికి ఒక్క పైసా ఖర్చవదు.

పెళ్లై శ్రీకాకుళం వైపు నుంచి మధురవాడ ఫ్లాటుకి వచ్చిన అమ్మాయిది మరో రకం. ఇంటినిండా అత్తింటివాళ్లే, అమ్మతో రోజూ ఫోనూ ఉంటుంది. కానీ ‘నా మనిషి’ అనుకునే స్నేహితురాలు ఊళ్లో ఒక్కరూ ఉండరు.

ఒంటరితనం ఎవరిదైనా ఒంటికి చేటే. 2015లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, ఒంటరితనం ఉన్నవాళ్లలో చనిపోయే ముప్పు సుమారు 26 శాతం ఎక్కువ. ఇందులో ఆడామగా తేడా లేదు.

అందుకే షుగరు, బీపీ చూసేచోట ఇంకో మూడు ప్రశ్నలు అడగాలంటాను. పెద్ద సర్వేల కోసం 2004లోనే తయారైనవి: తోడు లేదనిపిస్తోందా? మిమ్మల్ని వదిలేశారనిపిస్తోందా? అందరికీ దూరమైపోయారనిపిస్తోందా? వీటిలో ‘ఒంటరి’ అన్న మాట లేదు కాబట్టి బాబాయ్ కూడా జవాబు చెప్తారు.