ముక్కులో నాగలి కర్రు

చిరంజీవులైన మనవళ్ళకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

"బాబాయి ముఖం మళ్ళీ మునుపటిలాగే అవుతుందా?" అని మొన్న చిన్నపాప ఫోనులో అడిగింది. అవుతుందమ్మా. బండి మీంచి పడి విరిగిన ముఖం ఎలా బాగవుతుందో అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు మీ చూపుడు వేళ్ళను చెవులకు కాస్త ముందు ఆనించి, నోరు బాగా తెరవండి. వేలి కింద ఒక గుండు ముందుకు జారుతుంది. అది కింది దవడ కొస. ముఖంలో ఉన్న 14 ఎముకల్లో కదిలేది ఆ దవడ ఒక్కటే. పన్నెండు ఎముకలు జంటలుగా ఉంటాయి. ఒంటరివి రెండు: కింది దవడ, ముక్కు దూలానికి వెనకవైపు నిలబడిన పలుచని ఎముక. ఈ రెండోదాని పేరు వోమర్. లాటిన్‌లో నాగలి కర్రు అని అర్థం. ఎవరో పొలం ఎరిగినవాడే ఆ పేరు పెట్టి ఉంటాడని నాకు అనిపిస్తుంది.

పొదిలి నుంచి వస్తుండగా బండి జారి మీ బాబాయి ముఖం రాతికి కొట్టుకుంది కదా. ఒంగోలులో డాక్టరు గారు ఒక చేత్తో వాడి నుదురు అదిమిపట్టి, రెండో చేత్తో పై పళ్ళను మెల్లగా కదిపారు. పళ్ళతోపాటు అంగిలి కూడా కదిలింది. చూస్తున్న నాకు కాళ్ళు వణికాయి. "లెఫోర్ట్ ఒకటి" అన్నారాయన.

ఆ పేరు ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు రెనే లె ఫోర్‌ది. చనిపోయినవారి తలలకు రకరకాలుగా దెబ్బలు తగిలించి, ముఖం ఎక్కడెక్కడ పగులుతుందో ఓపికగా చూసి 1901లో ప్రకటించాడు. వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ బతికున్నవాళ్ళ కోసం చేసిన పని అది. పగుళ్ళు ఎటుపడితే అటు పోవు, ఎక్కువగా మూడు దారులే పడతాయని అతను కనిపెట్టాడు. మొదటి దారి పై పళ్ళ వేళ్ళకు పైన అడ్డంగా పోతుంది; మీ బాబాయిది అదే. రెండోది ముక్కు మొదలు మీదుగా, మూడోది కళ్ళ గుంటల గుండా పోతుంది.

మన పాత పెంకుటిల్లు గుర్తుందా? బరువంతా స్తంభాలదే. ముఖంలోనూ ముక్కు పక్కన, చెంప దగ్గర నిలువు స్తంభాల్లా గట్టి ఎముక ఉంటుంది. మనం నమిలే బలాన్ని అది పుర్రెకు చేరవేస్తుంది. స్తంభాల నడుమ గాలి గదులు, వాటికి పలుచని గోడలు. ముందు నుంచి పెద్ద దెబ్బ తగిలితే ఆ గోడలు విరిగి, దాని ఊపును కొంత తామే తీసుకుంటాయి.

ఇక పాప అడిగినదానికి వస్తాను. విరిగిన ఎముక సరైన చోట కూర్చుందని ఎలా తెలుస్తుంది? పళ్ళు చెబుతాయి. ఏళ్ళ తరబడి నమిలి నమిలి పై పళ్ళ గుంటల్లో కింది పళ్ళ మొనలు ఒదిగిపోయి ఉంటాయి. అందుకే మొదట పై పళ్ళను కింది పళ్ళతో కలిపి తీగతో కట్టారు. ఆ తర్వాతే ఎముకకు చిన్న టైటానియం పలకలు, మరలు బిగించారు.

ఎముక రాయి కాదు పిల్లలూ, మనం తాగే నీళ్ళలోంచి కూడా తీసుకుంటుంది. నా పళ్ళ మీది గోధుమరంగు మచ్చలు చిన్నప్పుడు తాగిన బావినీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చినవే. ఆ జబ్బు పళ్ళతో ఆగదు, ఎముకలకూ పాకుతుంది. మన పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవి. ఆ జిల్లాలో ఈ జబ్బు ఉందని 1937లో వైద్యులు రాశాకే దేశానికి తెలిసింది. మీకు శుద్ధి చేసిన నీళ్ళే ఇమ్మని మీ అమ్మకు పదేపదే చెబుతున్నది అందుకే.

నిన్న బాబాయి రాగి జావ మాని, మెత్తగా కలిపిన పెరుగన్నం తిన్నాడు. సెలవులకు రండి, అటక మీదున్న కర్రు దించి చూపిస్తాను.

మీ తాతయ్య